దయచేసి ఈ పుస్తకం చదవకండి!

పుస్తకం వెనక అట్ట చూస్తే.. ఇది మహా విషాద గాథ, ఇక్కడే పడేసి హాయిగా మరేదైనా చదువుకోండంటూ రాసినాయనే బతిమాలుతుంటాడు. పిల్లలేమో ఆ మాట చెవిన పెట్టకుండా ఒకటి కాదు, రెండు కాదు, పదమూడు పుస్తకాలూ చదివేశారు. ఇల్లు కాలిపోయి, అమ్మానాన్నలు పోయి, చేరదీసిన ప్రతి గుమ్మం నుంచీ మళ్లీ రోడ్డున పడే ముగ్గురు అనాథల కథ అది. చదువుతుంటే ఏడుపు రావాలి కదా.. నవ్వొస్తుంది! అదే గొడవ. పిల్లలకు ఇలాంటి కథ చెప్పొచ్చా, కూడదా అని పాఠకులు పాతికేళ్లుగా వాదించుకుంటూనే ఉన్నారు.

సముద్రపు ఒడ్డు. మబ్బు పట్టిన రోజు. జనం పెద్దగా లేరు. ముగ్గురు పిల్లలు ఆడుకుంటున్నారు. ఇంతలో దగ్గుకుంటూ ఓ బ్యాంకు అధికారి అక్కడికొచ్చాడు. మీ ఇల్లు తగలబడిపోయింది, అమ్మానాన్నలు అందులోనే పోయారు అని చెప్పాడు. మొదటి పుస్తకం మొదటి అధ్యాయంలో జరిగేదిదే. పిల్లల పుస్తకం ఇలా మొదలవుతుందని ఎవరైనా అనుకుంటారా!

అమెరికా రచయిత డేనియల్ హ్యాండ్లర్ 'లెమొనీ స్నికెట్' అనే కలంపేరుతో రాసిన 'ఎ సిరీస్ ఆఫ్ అన్‌ఫార్చునేట్ ఈవెంట్స్' కథ ఇది. పేరుకు అర్థం.. ఒకదాని వెనక ఒకటిగా వచ్చిపడే దురదృష్టాలు. 1999 సెప్టెంబరులో తొలి పుస్తకం 'ద బ్యాడ్ బిగినింగ్' వచ్చింది. చివరిది 'ది ఎండ్' 2006 అక్టోబరు 13న విడుదలైంది. ఆ రోజు శుక్రవారం. పాశ్చాత్యులు అపశకునంగా భావించే పదమూడో తేదీ శుక్రవారాన్ని ఏరికోరి పెట్టుకున్నారన్నమాట. అసలు సిరీస్ అంతా ఆ అంకె చుట్టూనే తిరుగుతుంది. పుస్తకాలు పదమూడు, ఒక్కోదాంట్లో అధ్యాయాలు పదమూడు. ఆఖరి పుస్తకంలో మాత్రం చిట్టచివర మరో అధ్యాయం విడిగా కనిపిస్తుంది. నలభైకి పైగా భాషల్లోకి వెళ్లిన ఈ పుస్తకాలు ఆరు కోట్లకు మించి అమ్ముడయ్యాయి.

ముగ్గురు పిల్లలు.. ఒక దుర్మార్గుడు

పెద్దమ్మాయి వయొలెట్‌కి పద్నాలుగేళ్లు. జుట్టు కళ్లమీద పడకుండా రిబ్బనుతో ముడేసిందంటే బుర్రలో ఏదో యంత్రం తయారవుతున్నట్టే. తమ్ముడు క్లౌస్‌కి పన్నెండు. కళ్లజోడు, చేతిలో పుస్తకం లేకుండా కనపడడు. చంటిది సన్నీకి నాలుగు పళ్లు, నాలుగూ పదునే. దొరికినదాన్నల్లా కొరుకుతుంది. అది పలికే ముద్దుమాటలు అక్కకీ అన్నకీ తప్ప ఇంకెవరికీ అర్థం కావు. ఇంటిపేరు బోదలేర్. ఫ్రెంచి కవి పేరది. వీళ్ల మంచిచెడ్డలు చూసే బ్యాంకు అధికారి పేరు పో. భయానక కథల ఎడ్గర్ అలన్ పోకి నమస్కారం అన్నమాట.

తల్లిదండ్రులు వదిలివెళ్లిన ఆస్తి వయొలెట్‌కి ఈడొచ్చేదాకా బ్యాంకులోనే ఉంటుంది. దానిమీద కన్నేస్తాడు దూరపు బంధువు, నాటకాల రాయుడు కౌంట్ ఓలఫ్. పిల్లల్ని ఇంట్లో పెట్టుకుని ఒళ్లు హూనమయ్యేలా చాకిరీ చేయిస్తాడు. నాటకం అనే వంకతో వయొలెట్‌ని పెళ్లాడి ఆస్తి కొట్టేయాలని పన్నాగం పన్నుతాడు. రంగస్థలం మీదికి నిజం జడ్జినే పిలిపిస్తాడు. ఒప్పుకోకపోతే పంజరంలో వేలాడదీసిన సన్నీ ప్రాణాలు పోతాయని బెదిరిస్తాడు. పెళ్లికూతురు స్వహస్తాలతో సంతకం చేయాలని చట్టం. కుడిచేతి వాటం ఉన్న వయొలెట్ ఎడమ చేత్తో చేసేస్తుంది. పెళ్లి చెల్లదు. కత్తులూ మంత్రదండాలూ కాదు.. చదువుకున్న న్యాయశాస్త్రం పుస్తకమే వాళ్లను కాపాడుతుంది.

అక్కడితో అయిపోలేదు. పిల్లల్ని పో మరో బంధువింట్లో వదిలిపెడతాడు. ఓలఫ్ మారువేషంలో అక్కడికీ వస్తాడు. పాములంటే ప్రాణమైన మాంటీ అంకుల్ పిల్లల్ని కన్నబిడ్డల్లా చూసుకుంటాడు. రెండో పుస్తకం ముగిసేలోగా చనిపోతాడు. మూడో పుస్తకంలో జోసఫిన్ అత్త. పొయ్యి వెలిగిస్తే ఇల్లంటుకుంటుందని చల్లటి కూడే తింటుంది, తలుపు పిడి పట్టుకోవాలన్నా భయమే. ఆమే దక్కదు. నాలుగోదాంట్లో రంపపు మిల్లు. అక్కడ కూలికి డబ్బులివ్వరు, కూపన్లిస్తారు. మధ్యాహ్న భోజనం చూయింగ్ గమ్! తర్వాత హాస్టలు, పట్నం, పల్లెటూరు, ఆసుపత్రి.. ఎక్కడికెళ్లినా నీడలా ఓలఫ్.

రచయిత ఎవరు? పాత్ర ఎవరు?

హ్యాండ్లర్ 1970లో శాన్‌ఫ్రాన్సిస్కోలో పుట్టారు. తొలి నవల 'ద బేసిక్ ఎయిట్' పెద్దల కోసం రాశారు. దాన్ని ప్రచురణకర్తలు 37 సార్లు తిప్పి పంపారు. ఆ నవల కోసమే సమాచారం సేకరిస్తూ కొన్ని సంస్థలకు ఫోన్ చేసినప్పుడు సొంత పేరు చెప్పడం ఇష్టంలేక అప్పటికప్పుడు నోటికొచ్చిన పేరు లెమొనీ స్నికెట్. స్నేహితుల మధ్య అదో జోకుగా మిగిలిపోయింది. బడిపిల్లల గురించి అంత బాగా రాసినాయన పిల్లల కోసమే ఎందుకు రాయకూడదని ఓ సంపాదకురాలు అడగడంతో ఆ పేరుకి మళ్లీ ప్రాణం వచ్చింది. బ్రెట్ హెల్క్విస్ట్ బొమ్మలేశారు.

స్నికెట్ కలంపేరు మాత్రమే కాదు, కథలో పాత్ర కూడా. ఎవరి నుంచో పారిపోతూ, దాక్కుంటూ ఈ పిల్లల జాడలు వెతికి రాస్తున్నట్టు చెబుతాడు. ప్రతి పుస్తకాన్నీ బియాట్రిస్ అనే ఆవిడకి అంకితమిస్తాడు. ఆమె చనిపోయిందని ఆ అంకితాల్లోనే తెలిసిపోతుంటుంది. పుస్తకాల షాపుల్లో సభలు పెడితే హ్యాండ్లర్ వెళ్లి, స్నికెట్ గారు రాలేకపోయారు, ఆయన తరఫున నేనొచ్చానని చెప్పి అకార్డియన్ వాయించేవారు. పిల్లలకు ఆ నాటకం తెలుసు. తెలిసీ ఆడేవాళ్లు!

'మమ్మల్ని పెద్దవాళ్లలా చూశాడు'

ఈ పుస్తకాలను నెత్తిన పెట్టుకున్న పాఠకులు మొట్టమొదట చెప్పేది స్నికెట్ గొంతు గురించే. కథ మధ్యలో ఆగుతాడు. ఏదో పెద్ద మాట వాడతాడు. దానికి ఇక్కడ ఇదీ అర్థం అంటూ వివరిస్తాడు. ఆ అర్థం నిఘంటువులో ఉండేది కాదు, అక్కడ పిల్లల పరిస్థితికి అతికేది. మన భాషలో చెప్పాలంటే.. 'ఆతిథ్యం' అనే మాటకి ఇక్కడ అర్థం, ముగ్గురికి ఒక్క మంచం చూపించి గిన్నెలు తోమమనడం.. అన్నట్టుగా ఉంటుంది వరస. మాటా తెలుస్తుంది, వెక్కిరింతా తెలుస్తుంది. కొత్త మాటలు నేర్చుకున్నది బళ్లో కాదు, ఈ పుస్తకాల్లోనే అని చెప్పే ఇంగ్లిషు పాఠకులు ఎందరో.

అచ్చుతోనూ ఆటలాడతాడు. కరెంటు వస్తువులతో ఎన్నడూ ఆడుకోవద్దని చెప్పడానికి ఒకే పదాన్ని పేజీ నిండా పరిచేస్తాడు. లిఫ్టు లేని గోతిలోకి పిల్లలు దిగేటప్పటి చీకటి చూపించడానికి రెండు పేజీలు మొత్తం నల్లగా అచ్చేయించాడు. ఒకసారి జరిగిందే మళ్లీ జరుగుతున్నట్టు అనిపించడం గురించి రాస్తూ, పేజీ తిప్పగానే అదే పేజీ మళ్లీ కనిపించేలా చేశాడు. అచ్చుతప్పు అనుకుని వెనక్కి తిప్పిన పాఠకుడు ఆ తర్వాత పకపకా నవ్వాల్సిందే.

ఇంకో మెచ్చుకోలు గ్రంథాలయాల గురించి. దాదాపు ప్రతి పుస్తకంలో ఎక్కడో ఒకచోట ఓ గ్రంథాలయమో పుస్తకాల గదో ఉంటుంది. దారీ తెన్నూ తోచనప్పుడు ఆ పిల్లలు అక్కడికే పరిగెడతారు. చదివినవాడికి దారి దొరుకుతుందన్న నమ్మకం ఇంత చీకటి కథలోనూ ఆరిపోదు.

'ఎన్నిసార్లు అదే కథ?'

పెదవి విరిచేవాళ్లూ తక్కువేం కాదు. వాళ్ల మొదటి ఫిర్యాదు.. కొత్త ఇల్లు, కొత్త సంరక్షకుడు, కొత్త మారువేషం, చివర్లో ఓలఫ్ పరారీ. మొదటి ఆరేడు పుస్తకాలు ఒకే మూసలో పోసినట్టుంటాయి. రెండోదో మూడోదో చదివి వదిలేశామనేవాళ్లు బోలెడు మంది. ఓలఫ్ చీలమండ మీద కన్ను బొమ్మ పచ్చబొట్టు ఉంటుంది, రెండు కనుబొమలూ కలిసిపోయి ఒకటే ఉంటుంది. ఆ రెండూ కప్పెడితే చాలు, పెద్దవాళ్లెవరూ పోల్చుకోలేరు. ఇంత అమాయకులుంటారా అని విసుక్కుంటారు. కథకుడు పదేపదే అడ్డుపడటం కొందరికి ముద్దు, కొందరికి మొట్టికాయ.

దీనికి అభిమానుల జవాబు ఒకటే.. ఏడో పుస్తకం దాకా ఓపిక పట్టండి! 'పిల్లల్ని పెంచడానికి ఊరంతా కావాలి' అనే సామెతని పట్టుకుని ఒక ఊరు ఊరే ఈ ముగ్గుర్నీ దత్తత తీసుకునే కథ అది. ఊరంతా పెంచడమంటే ఊరందరి ఇళ్లలో పని చేయడమని పిల్లలకు త్వరలోనే తెలిసొస్తుంది. ఆ పుస్తకం చివరికొచ్చేసరికి చేయని హత్య వాళ్ల నెత్తిన పడుతుంది. ఇక అప్పట్నుంచి ఆదుకునే బంధువులూ లేరు, వెంట వచ్చే పో కూడా లేడు. పారిపోవడమే. మూస అక్కడ బద్దలవుతుంది. పిల్లలే అబద్ధాలాడాల్సి వస్తుంది, మారువేషాలు వేయాల్సి వస్తుంది. పన్నెండో పుస్తకంలో ఒక హోటలుకు నిప్పు పెట్టడంలో వాళ్ల చేతులూ ఉంటాయి. మనకీ ఓలఫ్‌కీ తేడా ఏమిటని వాళ్లే తమను తాము ప్రశ్నించుకుంటారు. పిల్లల సాహసగాథల్లో ఈ ప్రశ్న తరచుగా కనపడదు.

అమ్మానాన్నల అభ్యంతరం

చావులు, మోసాలు, చిన్నపిల్లతో ముసలాడి పెళ్లి పన్నాగం.. ఇవన్నీ చూసి అమెరికాలో కొందరు తల్లిదండ్రులకు కోపమొచ్చింది. టెక్సస్ రాష్ట్రంలోని కేటీ పట్టణంలో ఒక ప్రాథమిక పాఠశాలలో ఈ పుస్తకాలు పిల్లలకు అందుబాటులో లేకుండా ఆంక్ష పెట్టారు కూడా. పసి మనసుల్లో భయం నింపుతున్నారని వాళ్ల వాదన.

అది తీసిపారేయాల్సిన వాదన కాదు. రాత్రి దీపం ఆర్పితేనే ఉలిక్కిపడే పిల్లలుంటారు. అయితే మరోపక్క.. పిల్లల కథలు ఎప్పుడు మెత్తగా ఉన్నాయి? సవతి తల్లులు అడవుల్లో వదిలేసిన పిల్లల కథలు యూరప్ అంతటా ఉన్నాయి. మన బాలనాగమ్మను మాయల ఫకీరు ఎత్తుకుపోలేదూ! తేడా ఒక్కటే. బాలవర్ధి పెరిగి పెద్దవాడై తల్లిని విడిపిస్తాడు, కథ కంచికి వెళుతుంది. బోదలేర్ పిల్లల కోసం ఎవరూ రారు. మంచిగా ఉన్నంత మాత్రాన మంచే జరుగుతుందన్న పూచీ స్నికెట్ లోకంలో లేదు.

ఆ మాట వెనక ఇంటి కథ ఒకటుంది. హ్యాండ్లర్ తండ్రి నాజీల కాలంలో జర్మనీ వదిలి వచ్చిన యూదు. మంచివాళ్లు బతికి చెడ్డవాళ్లు పోతారన్న లెక్క ఆ కుటుంబానికి తెలిసిన చరిత్రలో కుదరలేదు. అలాంటి ఇంట్లో పెరిగినాయన పిల్లలకు చెప్పిన కథ ఇది.

2001 సెప్టెంబరు 11 దాడుల తర్వాత తనకు పిల్లల నుంచి వచ్చిన ప్రశ్నల గురించి హ్యాండ్లర్ 'న్యూయార్క్ టైమ్స్'లో రాశారు. కౌంట్ ఓలఫ్ కూడా ఉగ్రవాదేనా, బోదలేర్ పిల్లలు ఆ భవనాల దగ్గరేమైనా ఉన్నారా.. ఇవీ వాళ్ల అనుమానాలు. టీవీలో చూసిన ఘోరం గురించి మాట్లాడుకోవడానికి వాళ్లకు దొరికిన భాష ఈ పుస్తకమే. భయం ఈ కథ వల్ల పుట్టలేదు, ముందే ఉంది. దానికి ఒక పేరూ, ముఖమూ దొరికాయంతే.

పెద్దయ్యాక చదివితే..

పన్నెండేళ్లప్పుడు ఇవి చదివినవాళ్లు ఇప్పుడు ముప్పై దాటారు. పిల్లల తల్లిదండ్రులయ్యారు. వాళ్లలో చాలామంది మళ్లీ ఈ పుస్తకాలు తెరిచి చెప్పే మాట ఆసక్తిగా ఉంటుంది. చిన్నప్పుడు భయపెట్టింది ఓలఫ్. ఇప్పుడు భయపెడుతోంది పో!

పో చెడ్డవాడు కాదు. పిల్లలంటే ద్వేషం లేదు. పని చాలా ఉంది, దగ్గు చాలా ఉంది. 'ఇతనే ఓలఫ్, మారువేషంలో వచ్చాడు' అని పిల్లలు ప్రతిసారీ చెబుతారు. ప్రతిసారీ నవ్వేసి, సర్దిచెప్పి, ఆఫీసుకు టైమవుతోందని వెళ్లిపోతాడు. ప్రమాదం గడప దాటి లోపలికొచ్చేది ఆ ఖాళీలోంచే. పెద్దవాళ్లంతా ఇంత తెలివితక్కువగా ఉంటారా అన్న విమర్శకు అభిమానుల సమాధానం ఇక్కడుంది. వాళ్లకు తెలివి లేక కాదు, వినే తీరిక లేక. ఇంటికొచ్చిన ఫలానా మనిషి తనకు నచ్చలేదని పిల్లో పిల్లాడో చెబితే 'తప్పు, అలా అనకూడదు' అని నోరు మూయించిన పెద్దలు ఒక్క అమెరికాలోనే లేరు. పిల్లలు ఈ పుస్తకాలు చదివి ఎందుకంత ఊరట పొందారో అక్కడే తెలుస్తుంది. తాము చెప్పేది ఎవరూ నమ్మని లోకంలో, ఒక్క కథకుడు మాత్రం మొదట్నుంచీ వాళ్ల పక్షాన ఉన్నాడు.

పంచదార గిన్నెలో ఏముంది?

అన్నిటికంటే పెద్ద రగడ ముగింపు మీద. కథ సాగేకొద్దీ వి.ఎఫ్.డి. అనే రహస్య బృందం, దానిలో చీలిక, అందరూ వెతికే ఒక పంచదార గిన్నె.. ఇలా ముడులు పడుతూ పోతాయి. పాఠకులు ఏడేళ్లు ఎదురుచూశారు. ఆఖరి పుస్తకంలో ఓలఫ్ చనిపోతాడు. బియాట్రిస్ ఎవరో తెలుస్తుంది.. ఆ పిల్లల కన్నతల్లే! ముగ్గురూ ఒక పసిపాపను పెంచుతూ దీవిలో ఏడాది గడిపి, మళ్లీ సముద్రంలోకి పడవేసుకుని బయల్దేరతారు. తర్వాతేమైందో ఉండదు. గిన్నెలో ఏముందో అస్సలు చెప్పడు.

మోసం చేశాడన్నారు కొందరు. అన్నీ తేల్చకుండా ఎలా వదిలేస్తాడని కోప్పడ్డారు. అదే అసలైన ముగింపు అన్నారు మరికొందరు. అమ్మానాన్నలు పోయిన పిల్లలకు వాళ్ల గురించి అన్ని సంగతులూ ఎప్పటికైనా తెలుస్తాయా? అడగడానికి మనిషి లేకపోతే కొన్ని ప్రశ్నలు అలాగే ఉండిపోతాయి. చదువుతున్న పిల్లలకు ఆ లోటు ఎలా ఉంటుందో తెలియాలంటే ఒక గిన్నె మూత తెరవకుండానే ఉండాలి. ఈ వాదన ఇప్పటికీ తెగలేదు.

తెరమీద రెండుసార్లు

2004లో సినిమాగా వచ్చింది. బ్రాడ్ సిల్బర్లింగ్ దర్శకుడు. ఓలఫ్‌గా జిమ్ క్యారీ, జోసఫిన్ అత్తగా మెరిల్ స్ట్రీప్. మొదటి మూడు పుస్తకాలనూ కలిపి ఒకే కథగా అల్లారు. మేకప్ విభాగంలో ఆస్కార్ గెలుచుకుంది. చూడ్డానికి అద్భుతంగా ఉందనీ, క్యారీ అల్లరి ముందు పిల్లల దుఃఖం చిన్నబోయిందనీ రెండు రకాలుగా అన్నారు పాఠకులు. రెండో భాగం రాలేదు.

తర్వాత నెట్‌ఫ్లిక్స్ 2017 జనవరి 13న, అదీ శుక్రవారమే, సిరీస్‌గా మొదలెట్టింది. 2019 జనవరి 1న మూడో సీజన్‌తో ముగించింది. మొత్తం 25 భాగాలు. ఒక్కో పుస్తకానికి రెండేసి, చివరిదానికి ఒకటి. ఓలఫ్‌గా నీల్ ప్యాట్రిక్ హ్యారిస్ నటించాడు. సూటు వేసుకుని గంభీరంగా తెరమీదికొచ్చి ఇక చూడొద్దని చెప్పే స్నికెట్‌గా ప్యాట్రిక్ వార్బర్టన్ కనిపించాడు. ఈ సిరీస్‌లో పంచదార గిన్నె రహస్యం విప్పేశారు. విషపు పుట్టగొడుగులకు విరుగుడుగా పనిచేసే పంచదార అది. పదమూడేళ్లు ఎదురుచూసినవాళ్లలో కొందరు హమ్మయ్య అనుకున్నారు. కొందరేమో.. ఇంతేనా, తెలియనప్పుడే బాగుందన్నారు!

మన ఇంట్లో చదివించొచ్చా?

ఇంగ్లిషు బాగా చదవగలిగే తొమ్మిది, పదేళ్ల పిల్లలు తేలిగ్గా అందుకుంటారు. పుస్తకాలు చిన్నవి, మొదటివి మరీను. అయితే పిల్ల చేతికిచ్చి పక్కకెళ్లిపోవడం కన్నా మొదటిది కలిసి చదవడం మంచిది. ముఖ్యంగా ఇంట్లో ఈమధ్యే ఎవరైనా పోయి ఉంటే.. ఆ తొలి అధ్యాయం గట్టిగా తగులుతుంది. కొందరు పిల్లలకు అది మాట్లాడటానికి దారి అవుతుంది. కొందరికి తట్టుకోలేని బరువవుతుంది. ఏదో తేల్చుకోవాల్సింది పక్కనుండే పెద్దలే. మూడు పుస్తకాలయ్యాక విసుగనిపిస్తే తప్పేం లేదు, వదిలేయొచ్చు. రచయిత మొదట్నుంచీ చెబుతున్నదీ అదే కదా!

ఇంతకీ.. చదవొద్దని అంతగా చెప్పినా పిల్లలు ఎందుకు చదివారు? వద్దంటే చేయాలనిపించడం ఒక కారణం. రెండోది అంతకన్నా పెద్దది. బోదలేర్ పిల్లలకు ఇల్లు పోయింది, ఆస్తి అందలేదు, పెద్దల మాట సాయం దొరకలేదు. పదమూడు పుస్తకాల్లోనూ దక్కింది ఒక్కటే.. ఒకరికొకరు. రాత్రి ఒకే మంచం మీద ముగ్గురూ సర్దుకుని, రేపేం చేయాలో గుసగుసగా మాట్లాడుకోవడం. ఆ గుసగుస వినడానికే పిల్లలు పేజీ తిప్పారు. ఈసారి మీ ఇంట్లో ఎవరైనా 'ఇతను మంచివాడు కాదు' అని చిన్నగా చెబితే.. దగ్గుతూ ఆఫీసుకు వెళ్లిపోకండి మరి!